హైబ్రిడ్ యాపా, నేటివ్ యాపా? రొయ్యల గుంటల రిజిస్టర్‌తో మొదటి నుంచి స్టోర్ దాకా

నెల్లూరులోనో ఒంగోలులోనో చిన్న ఆఫీసు పెట్టుకుని యాప్‌లు చేసేవాళ్ల దగ్గరికి వచ్చే పార్టీ అడిగేది రెండే: ఎంతవుతుంది, ఎన్నాళ్లకిస్తారు. మనవాళ్లు ఆ రెండిటికీ కలిపి ఒక ఫ్రేమ్‌వర్క్ పేరు చెప్పేస్తారు. "ఫ్లట్టర్‌లో లాగించేద్దాం సార్, ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఒకేసారి అయిపోద్ది." పార్టీకి ఫ్లట్టర్ అంటే ఏందో తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. కానీ పని పూర్తిగా వినకముందే పనిముట్టు ఖాయం చేస్తే, సగం డబ్బు తీసుకున్నాక "ఇది ఇందులో రాదు సార్" అనాల్సి వస్తుంది.

అందుకే ఇక్కడ వరస మార్చి వెళ్దాం. ముందు పని, తర్వాత పనిముట్టు. ఉదాహరణకి ఒకే యాప్ చివరిదాకా తీసుకుందాం: రొయ్యల గుంటల రిజిస్టర్. విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రైతులు లాంగ్ నోట్‌బుక్కులో రాసుకునేదే ఇది. ఏ గుంటకి ఏ పూట ఎన్ని కేజీల మేత వేశారు, చెక్ ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) ఎంత మిగిలింది, పీహెచ్ ఎంత, వల వేసి చూస్తే కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు) ఎంత. దీనికి తోడు రైతు తప్పకుండా ఇంకోటి అడుగుతాడు: "రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే ఫోన్ మోగాల." ఏరేటర్లంటే గుంట నీళ్లలోకి గాలి కలిపే మోటార్లు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మొత్తం లెక్క దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు పేర్లు తేల్చుకుందాం

నేటివ్ అంటే ఆ ఫోన్ సిస్టమ్ కోసమే రాసిన యాప్. ఆండ్రాయిడ్‌కి కాట్లిన్ లేదా జావా, ఐఫోన్‌కి స్విఫ్ట్. రెండు ఫోన్లకీ కావాలంటే రెండు కోడ్‌లు, సాధారణంగా ఇద్దరు మనుషులు.

హైబ్రిడ్ అంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌లతో రాసిన వెబ్ పేజీలు యాప్ లోపలే ఉండి, వెబ్‌వ్యూ అనే అడ్రస్ బార్ లేని బ్రౌజర్ కిటికీలో నడవడం. కెమెరా, జీపీఎస్ లాంటివి కావాలంటే ప్లగిన్ అనే మధ్యవర్తి ద్వారా ఫోన్‌ని అడుగుతుంది. 2009లో వచ్చిన ఫోన్‌గ్యాప్ ఈ దారి వేసింది. 2011లో అడోబీ దాన్ని కొని, కోడ్‌ని అపాచీ సంస్థకి ఇచ్చింది. అదే కార్డోవా. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా తీసుకునేది అయానిక్ బృందం తెచ్చిన కెపాసిటర్.

రియాక్ట్ నేటివ్‌నీ ఫ్లట్టర్‌నీ కూడా మనవాళ్లు హైబ్రిడ్ అనేస్తారు. పార్టీతో మాట్లాడేటప్పుడు ఫరవాలేదు గానీ మీ బుర్రలో మాత్రం వేరుగా ఉంచుకోండి. ఫేస్‌బుక్ 2015లో బయటపెట్టిన రియాక్ట్ నేటివ్‌లో మీరు రాసేది జావాస్క్రిప్టే, కానీ తెరమీద కనిపించే బటన్, లిస్ట్ ఫోన్ సొంతవి. 2018 డిసెంబర్‌లో 1.0 వచ్చిన ఫ్లట్టర్ డార్ట్ భాషలో నడుస్తుంది. అది ఫోన్ బటన్లని వాడుకోదు, ప్రతి గీతా తన ఇంజిన్‌తో తనే గీసుకుంటుంది. ఈ రెండిట్లోనూ వెబ్‌వ్యూ లేదు.

1. ఒక పూట గట్టు మీద గడపండి

ఆఫీసులో కూర్చుని అడిగితే రైతు అన్నిటికీ "ఆ, కావాల" అంటాడు. మేత వేసే వేళకి గుంట దగ్గరికి వెళ్లి చూడండి. రాసేది యజమాని కాదు, గుంట మీద ఉండే మనిషి. అతని చేతిలో ఫోన్ మూడునాలుగేళ్ల పాతది, ర్యామ్ రెండు మూడు జీబీలు, మెమరీ నిండా వాట్సాప్ వీడియోలు. చేతులు తడిగా ఉంటాయి, ఎండ నేరుగా తెరమీద పడుతుంది. సిగ్నల్ షెడ్డు దగ్గర రెండు గీతలు, చివరి గుంట గట్టు మీద సున్నా. యజమాని నెల్లూరులో ఉంటాడు, లెక్క చూసుకోవాలి. ఐఫోన్ ఉంటే గింటే ఆయన చేతిలోనే.

ఇవన్నీ రాసుకోండి: ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఖాళీ మెమరీ, సిగ్నల్, ఎవరు రాస్తారు, ఎవరు చూస్తారు. ఫ్రేమ్‌వర్క్ పోలికల పట్టికలు పది చదివినా ఈ కాగితం ఇచ్చినంత తేటగా జవాబివ్వవు.

2. అన్నిటికంటే కష్టమైన తెర ఏదో పట్టుకోండి

యాప్‌లో ఇరవై తెరలుంటే పద్దెనిమిది ఎందులో కట్టినా ఒకటే. లాగిన్, గుంటల జాబితా, మేత ఫారం, నెల లెక్క, ఇవన్నీ అంకెలు కొట్టి సేవ్ చేసేవి. హైబ్రిడ్‌లో రాస్తే వాడేవాడికి తేడా కూడా తెలీదు. తేల్చేది మిగిలిన రెండు తెరలు.

మన యాప్‌లో కష్టమైనది కరెంటు అలారం. ఎందుకంటే యాప్ మూసి ఉన్నప్పుడు వెబ్‌వ్యూ అనేదే ఉండదు, మీ జావాస్క్రిప్ట్ నడవదు. మామూలు నోటిఫికేషన్ అయితే ప్లగిన్‌తో వస్తుంది గానీ "టింగ్" మని ఒక్కసారి మోగి ఊరుకుంటుంది. ఏరేటర్లు ఆగిన గుంటలో ఆక్సిజన్ పడిపోతూంటే ఆ టింగ్‌తో ఎవరు లేస్తారు? సైలెంట్‌లో ఉన్నా అలారం గొంతుతో మోగాలి, తెర వెలగాలి. అది నేటివ్ పని.

మీ పార్టీ పని వేరైతే కష్టం ఇంకోచోట ఉంటుంది. పొగాకు వేలంలో ఏ బేలుకి ఎంత పలికిందో రాసుకునే యాప్‌లో కష్టమైన తెరంటూ లేదు, కళ్లు మూసుకుని హైబ్రిడ్. చీమకుర్తి గ్రానైట్ బ్లాకుని కెమెరాతో చూపిస్తే కొలతలు చెప్పే యాప్ అంటే మొదటి తెరే కష్టం, నేరుగా నేటివ్. జువ్వలదిన్నె బోటు వెళ్లిన దారిని, ఫోన్ జేబులో ఉన్నా గంటల తరబడి నమోదు చెయ్యాలంటే వెనకాల జీపీఎస్ నడవాలి. దానికి నేటివ్, లేదంటే గట్టి ప్లగిన్ చూసుకుని ఫ్లట్టర్.

వేగం సంగతి. తెర సాఫీగా కదలాలంటే సెకనుకి 60 ఫ్రేములు, అంటే ఒక్కోటి 16 మిల్లీసెకన్లలో గీయాలి. మేత ఫారంలో అంత గీసేదేమీ లేదు. ఫొటోలు, వీడియోలు కిందకి లాగుతూనే ఉండే ఫీడ్‌లో మాత్రం వెబ్‌వ్యూ ఆయాసపడుతుంది. ఫేస్‌బుక్ 2012లో హెచ్‌టీఎంఎల్5 మీద ఎక్కువ ఆధారపడటం తమ పెద్ద పొరపాటని జుకర్‌బర్గ్ నోటితోనే ఒప్పుకుని నేటివ్‌కి వెళ్లింది ఇలాంటి ఫీడ్ వల్లే. 2018లో అద్దె గదుల యాప్ ఎయిర్‌బీఎన్‌బీ రియాక్ట్ నేటివ్‌ని వదిలేసింది. ఈ రెండు కథలూ చూపించి హైబ్రిడ్ పనికిరాదని వాదించేవాళ్లుంటారు. వాళ్ల యాప్‌లకీ మన మేత ఫారానికీ పోలికే లేదు.

నా లెక్క ఇది: అలారం ఒక్కటే యాప్ అయితే కాట్లిన్‌లో రాయండి. అలారం ఒక మూల, రిజిస్టర్ మిగతా అంతా అయితే హైబ్రిడ్‌లో కట్టి ఆ మూల మాత్రం కాట్లిన్‌లో రాసి అతికించండి. మనది రెండోది.

3. సిస్టమ్ సిద్ధం చేసుకోవడం

నోడ్ జేఎస్ ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతు ఉండే) వెర్షన్, వీఎస్ కోడ్, ఆండ్రాయిడ్ స్టూడియో. మూడూ ఉచితమే. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామే ఉంటే ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్) జోలికి పోకండి, పాత ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టండి. ఐఫోన్ వెర్షన్ కావాలంటే దాన్ని కట్టే ఎక్స్‌కోడ్ మ్యాక్‌లో తప్ప నడవదు. మ్యాక్ కొనలేకపోతే అద్దె క్లౌడ్ మ్యాక్‌లో బిల్డ్ చేయించుకోవచ్చు.

4. ప్రాజెక్ట్ మొదలుపెట్టడం

వెబ్ యాప్ మీకు వచ్చినదాంట్లో కట్టండి: రియాక్ట్, వ్యూ, కాదంటే ఉత్త జావాస్క్రిప్ట్. బ్రౌజర్‌లో పూర్తిగా నడిచాక కెపాసిటర్ కోర్, సీఎల్ఐ (కమాండ్లు కొట్టే పనిముట్టు) ప్యాకేజీలు ఎక్కించి, ఇనిట్ కమాండ్ కొట్టండి. అది యాప్ పేరు, యాప్ ఐడీ అడుగుతుంది. ఐడీ దగ్గర ఆగి ఆలోచించండి. ప్లే స్టోర్‌లోకి వెళ్లాక దాన్ని మార్చడం కుదరదు. మీ ఆఫీసు పేరుతో కాకుండా పార్టీ పేరుతో పెట్టండి.

తర్వాత కెపాసిటర్ ఆండ్రాయిడ్ ప్యాకేజీ కూడా ఎక్కించి "క్యాప్ యాడ్ ఆండ్రాయిడ్". అసలైన ఆండ్రాయిడ్ ప్రాజెక్ట్ ఫోల్డర్ ఒకటి తయారవుతుంది. అది మీదే, అందులో చెయ్యి పెట్టొచ్చు. ఇక రోజూ చేసే పని ఇంతే: వెబ్ కోడ్ మార్చు, బిల్డ్ చెయ్యి, "క్యాప్ సింక్" కొట్టు, ఆండ్రాయిడ్ స్టూడియోలో రన్ నొక్కు. ఫోన్‌లో ఏదైనా తేడా వస్తే డెస్క్‌టాప్ క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ పేజీ తెరిస్తే ఫోన్‌లోని పేజీ కన్సోల్‌తో సహా కనిపిస్తుంది. ఎర్రర్లు వెతకడానికి ఇంత హాయి నేటివ్‌లో కూడా లేదు.

ఇక్కడ చాలామంది ఒక అడ్డదారి తొక్కుతారు. ఉన్న వెబ్‌సైట్ అడ్రస్సే కాన్ఫిగ్‌లో ఇచ్చేసి యాప్ అయిపోయిందంటారు. సిగ్నల్ లేనిచోట అది తెల్ల తెర. పైగా వెబ్‌సైట్‌కి తొడుగు వేసి తెచ్చిన యాప్‌ని యాపిల్ తన 4.2 నిబంధన చూపించి వెనక్కి పంపుతుంది. పేజీలన్నీ యాప్ లోపలే ఉండాలి, సర్వర్ నుంచి డేటా మాత్రమే రావాలి.

ఇలా చేసిన మొదటి రోజే బ్రౌజర్‌లో పనిచేసిన సర్వర్ కాల్ ఫోన్‌లో ఆగిపోతుంది. కంగారొద్దు. యాప్‌లోని పేజీ ఆండ్రాయిడ్‌లో లోకల్‌హోస్ట్ అనే చిరునామా నుంచి వచ్చినట్టు సర్వర్‌కి కనిపిస్తుంది, ఐఫోన్‌లో కెపాసిటర్ అనే స్కీమ్‌తో. ఆ రెండిటినీ సర్వర్ సీఓఆర్ఎస్ జాబితాలో (ఏ చిరునామాల పేజీలకి జవాబివ్వొచ్చో చెప్పేది) చేర్చండి. ఇంకోటి, సర్వర్‌కి హెచ్‌టీటీపీఎస్ లేకపోతే ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోనే అడ్డుకుంటుంది.

5. సిగ్నల్ లేనప్పుడు రాసినది పోకూడదు

ఎక్కువ రోజులు కేటాయించాల్సింది దీనికే. నేటివ్ అయినా హైబ్రిడ్ అయినా ఈ పని ఒకటే, ఫ్రేమ్‌వర్క్ ఏదీ దీన్ని మీకోసం చేసిపెట్టదు.

వెబ్‌వాళ్లకి లోకల్‌స్టోరేజ్ (బ్రౌజర్ సొంత చిన్న నిల్వ) అలవాటు. యాప్‌లో మేత లెక్క దాంట్లో పెట్టకండి. ఫోన్ మెమరీ నిండితే సిస్టమ్ దాన్ని ఊడ్చేసే వీలుంది. మన గుంట మనిషి ఫోన్ ఎప్పుడూ నిండే ఉంటుందని ఇందాకే చూశాం. ఎస్‌క్యూలైట్ (ఫోన్‌లోనే ఉండే డేటాబేస్) ప్లగిన్ వేసుకుని అందులో రాయండి.

ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక ప్రత్యేక ఐడీ పుట్టించండి, సర్వర్ ఇచ్చేదాకా ఆగొద్దు. పక్కన "పంపామా లేదా" అని ఒక గడి. పంపేటప్పుడు సర్వర్ ఆ ఐడీ ముందే ఉంటే ఊరికే "అందింది" అనాలి, రెండోసారి రాయకూడదు. ఈ ఒక్కటి చెయ్యకపోతే ఏమవుతుందో చూడండి. గట్టు మీద 12 కేజీలు పంపారు, సర్వర్‌కి చేరింది, కానీ జవాబు వచ్చేలోపు సిగ్నల్ పోయింది. ఫోన్ మళ్లీ పంపుతుంది. యజమాని లెక్కలో 24 కేజీలు. సాయంత్రానికి గుంట మీద మనిషి దొంగ అవుతాడు.

పాత ఎంట్రీని దిద్దే అవకాశం ఇవ్వొద్దు. తప్పు పడితే సవరణగా ఇంకో వరస రాయించండి, కాగితం రిజిస్టర్‌లో కొట్టేసి పక్కన రాసినట్టు. ఇద్దరు ఒకే వరసని రెండు ఫోన్లలో మార్చే తంటా అక్కడితో తీరిపోతుంది.

నెట్‌వర్క్ ప్లగిన్ "కనెక్షన్ ఉంది" అంటే నమ్మకండి. టవర్ గీతలు కనిపించి డేటా కదలని వేళలు మన సముద్రం ఒడ్డు ఊళ్లలో బోలెడు. ఏం చూసినా పంపి చూడటమే. పది సెకన్లలో జవాబు రాకపోతే వదిలేసి తర్వాత ప్రయత్నించడం. ఇంకా పంపనివి ఎన్నున్నాయో తెరపైన అంకె కనిపిస్తూ ఉంటే మనిషికి ధైర్యం.

6. తెలుగు తెర

ఇంగ్లీష్‌లో డిజైన్ చేసి చివర్లో తెలుగు మాటలు పోస్తే ఒత్తులు తెగుతాయి. బటన్ మీద "రొయ్యలు" అని రాసి లైన్ హైట్ 1.2 పెట్టి చూడండి, య ఒత్తు కింది అంచు మాయం. 1.6 దాకా పెంచండి, బటన్‌కి ఎత్తు బిగించకండి, లోపలి మాటని బట్టి పెరగనివ్వండి. ఫ్లట్టర్‌లో కూడా ఇదే గొడవ. నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ని యాప్‌లోనే పెడితే అన్ని ఫోన్లలో ఒకేలా కనిపిస్తుంది.

పొడవు మాటల్ని కోడ్‌లో లెక్కపెట్టి కత్తిరించొద్దు. మనం "రొయ్యలు"లో మూడక్షరాలు చూస్తాం, జావాస్క్రిప్ట్ ఏడు లెక్కపెడుతుంది. నాలుగు దగ్గర కోస్తే "రొయ్" అని పొల్లుతో ఆగుతుంది. చోటు చాలకపోతే చుక్కలు పెట్టే పని సీఎస్ఎస్‌కి వదిలేయండి.

అంకెల గడిలో ఇన్‌పుట్‌మోడ్ డెసిమల్ అని పెడితే అంకెల కీబోర్డే వస్తుంది. నొక్కే చోటు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) ఉండాలని గూగుల్ చెబుతుంది. తడి చేతులకి నేనైతే ఇంకా పెద్దది పెడతాను. వెనక్కి బటన్ నొక్కితే ఏం కావాలో మీరే రాయాలి. రాయకపోతే సగం నింపిన ఫారం మాయమై "ఏంది సామీ ఇది, మొత్తం పోయిందే?" అని ఫోన్ వస్తుంది.

7. ఆ ఒక్క ముక్కా కాట్లిన్‌లో

ఇప్పుడు అలారం. స్టార్టర్ ప్యానెల్ దగ్గర సిమ్ ఉన్న చిన్న పరికరం కరెంటు పోవడాన్ని పసిగట్టి సర్వర్‌కి చెబుతుంది. సర్వర్ ఫైర్‌బేస్ (ఫోన్లకి మెసేజ్‌లు చేరవేసే గూగుల్ సేవ) ద్వారా హై ప్రయారిటీ డేటా మెసేజ్ పంపుతుంది. దాన్ని అందుకునేది ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో మీరు కాట్లిన్‌లో రాసిన సర్వీస్. ఆ సమయంలో జావాస్క్రిప్ట్ నిద్రలోనే ఉంటుంది, దాంతో పనీ లేదు. ఆ సర్వీస్ అలారం రకం శబ్దంతో నోటిఫికేషన్ వేస్తుంది, దానికి ఫుల్ స్క్రీన్ తెర తగిలిస్తుంది.

అనుమతుల దగ్గర ఓపిక కావాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కే మనిషిని అడగాలి. 14 నుంచి ఫుల్ స్క్రీన్ అనుమతి వచ్చేసరికి అలారం, కాల్ యాప్‌లకి తప్ప మామూలుగా దొరకదు, మిగతావాళ్లు సెట్టింగ్స్‌లోకి తీసుకెళ్లి ఆన్ చేయించాలి. నోటిఫికేషన్ ఛానెల్‌కి ఒకసారి పెట్టిన శబ్దాన్ని తర్వాత కోడ్ నుంచి మార్చలేరు. మార్చాలంటే కొత్త ఐడీతో ఛానెల్ పుట్టించడమే. బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌లని చంపేసే ఫోన్లలో ఆటోస్టార్ట్ ఆన్ చేయించండి.

వెబ్ వైపు నుంచి "ఏ గుంటకి అలారం కావాలి, ఏ నంబర్‌కి" అని చెప్పడానికి ఒక చిన్న కెపాసిటర్ ప్లగిన్ రాయండి. ఒక క్లాస్, రెండు మెథడ్‌లు, మెయిన్ యాక్టివిటీలో నమోదు, అంతే. ఐఫోన్‌లో సైలెంట్‌ని దాటి మోగే క్రిటికల్ అలర్ట్‌కి యాపిల్ ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి. యజమానికి ముందే చెప్పేయండి.

ఇంత చేసినా లక్షల సరుకుని యాప్ ఒక్కదాని మీద వదలొద్దు. ఎవరైనా ఫోర్స్ స్టాప్ నొక్కితే మెసేజ్ అందదు. ఆ సిమ్ పరికరమే ఇద్దరి నంబర్లకి నేరుగా కాల్ చేసేలా పెట్టించండి.

8. పాత ఫోన్‌లో చూడటం

మీ కొత్త ఫోన్‌లో బాగుంటే ఏమీ తేలినట్టు కాదు. ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూ ప్లే స్టోర్ నుంచి అప్‌డేట్ అవుతుంది. అప్‌డేట్లు ఆపేసిన ఫోన్‌లో పాత వెబ్‌వ్యూ ఉండిపోయి, కొత్త జావాస్క్రిప్ట్ రాతలు అర్థంకాక తెల్ల తెర చూపిస్తుంది. బిల్డ్ టార్గెట్‌ని పాత క్రోమ్‌కి దించండి. కెపాసిటర్ కాన్ఫిగ్‌లో కనీస వెబ్‌వ్యూ వెర్షన్ చెప్పి, అంతకన్నా పాతదైతే "వెబ్‌వ్యూ అప్‌డేట్ చెయ్యండి" అని తెలుగులో పేజీ చూపించే ఏర్పాటు ఉంది.

ఫ్లైట్ మోడ్‌లో ఒక రోజు ఎంట్రీలన్నీ రాసి, ఫోన్ ఆపి, ఆన్ చేసి, నెట్ ఇచ్చి సర్వర్‌లో సరిచూడండి. పంపుతుండగా నెట్ తెంచండి. వెయ్యి వరసల జాబితా కిందకి లాగండి. తడబడితే నెలవారీగా విడగొట్టండి, లేదా కనిపించే వరసలే గీసే వర్చువల్ లిస్ట్ వాడండి. అప్పటికీ తడబడితే ఆ తెర ఒక్కటీ నేటివ్ చెయ్యొచ్చు.

9. స్టోర్‌కి పంపడం

ప్లే కన్సోల్ ఖాతాకి ఒకేసారి 25 డాలర్లు, యాపిల్‌కి ఏడాదికి 99. ఖాతా పార్టీ పేరుమీదే తెరిపించండి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ప్లే ఖాతా అయితే బయటికి విడుదల చేసేముందు కనీసం 12 మంది టెస్టర్లు 14 రోజులు వరుసగా క్లోజ్డ్ టెస్ట్‌లో ఉండాలి. ఈ రోజులు కలుపుకునే పార్టీకి తేదీ చెప్పండి. టెస్టర్లుగా స్నేహితుల్ని కాదు, గుంటల మీద మనుషుల్నే చేర్చండి. ప్రైవసీ పాలసీ, డేటా సేఫ్టీ ఫారం తప్పవు. యాప్‌లో ఖాతా తెరిచే వీలుంటే తొలగించుకునే వీలు కూడా ఇవ్వాలి.

స్టోర్‌కి పంపేది ఏపీకే అనే ఫైలు కాదు, ఏఏబీ అనే బండిల్ ఫైలు. కొత్త యాప్‌లకి 2021 ఆగస్టు నుంచి అదే నియమం. యాప్ మీదేనని రుజువు చేసే అప్‌లోడ్ కీ ఫైలు, దాని పాస్‌వర్డ్ పార్టీకి ఒక కాపీ ఇచ్చి సంతకం తీసుకోండి.

ఏటా చేయాల్సిన పని గురించి కొటేషన్‌లోనే ఒక వరస రాయండి. గూగుల్ ప్రతి ఏడూ టార్గెట్ ఏపీఐ (యాప్ ఏ ఆండ్రాయిడ్ కోసం కట్టారో చెప్పే అంకె) పెంచుతుంది. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లకీ అప్‌డేట్లకీ 35, అంటే ఆండ్రాయిడ్ 15. దానికి మారగానే పేజీ పైభాగం స్టేటస్ బార్ కిందకి దూరుతుంది, సేఫ్ ఏరియా కొలతలు ఇచ్చి సర్దాలి. పనిముట్లూ మూతపడుతుంటాయి. క్లౌడ్‌లో యాప్ కట్టిపెట్టే ఫోన్‌గ్యాప్ బిల్డ్‌ని అడోబీ 2020లో ఆపేసింది, రెండు ఫోన్లకీ ఒకే కోడ్‌తో యాప్ కట్టే జామరిన్‌కి మైక్రోసాఫ్ట్ 2024 మే 1తో మద్దతు ముగించింది. అందుకే ప్లగిన్ ఎంచుకునేముందు దాని కోడ్‌లో చివరి మార్పు ఎప్పుడు జరిగిందో చూడండి. ఏడాది దాటి కదలిక లేకపోతే ఆ పని మీరే కాట్లిన్‌లో రాసుకోగలరో లేదో చూసుకుని, ఆ తర్వాతే పార్టీ దగ్గర అడ్వాన్స్ తీసుకోండి.